స్టిరాయిడ్ బిళ్ళ: వేసుకోవడానికే కాదు, ఆపడానికీ లెక్కుంది

- మా వ్యవసాయ విలేఖరి

మిరప కోతల రోజుల్లో మా పెద్దమ్మ పడిపోయింది. వయసు అరవై దాటింది గానీ మనిషి గట్టిదే. రెండేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గర వారానికోసారి కాగితం పొట్లాలు తెచ్చుకునేది. పొట్లంలో మూడు బిళ్ళలు, పొద్దున ఒక పొట్లం, మాపున ఒక పొట్లం. వేసుకున్న రోజు కోతకు కూర్చుంటే పడుచుపిల్లల వరసతో పాటు సాలు కొట్టేది. ముఖం గుండ్రంగా తయారైంది. "ఈ మధ్య ఒళ్ళు చేశావే" అని ఊరంతా అంటుంటే ఆమెకూ సంతోషమే.

కూతురి కాన్పు ఉంటే పదిరోజులకని వేరే ఊరు వెళ్ళింది. పొట్లాలు నాలుగు రోజులకే అయిపోయాయి. "నొప్పి లేదు కదా, ఊరెళ్ళాక తెచ్చుకుందాంలే" అనుకుంది. మరో నాలుగు రోజులకు మంచం దిగలేకపోయింది. వాంతులు, కడుపునొప్పి, కళ్ళు తిరగడం, మాట తడబడటం. అందరూ వడదెబ్బ అనుకున్నారు. మజ్జిగ పట్టించారు, నెత్తిన తడిగుడ్డ వేశారు. చివరికి పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి బీపీ అందడం లేదు. డ్యూటీ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "ఈమె రోజూ ఏ బిళ్ళలు వాడుతోంది?"

ఒక్కరికీ తెలియదు. "నొప్పులకండీ, తెల్లటి చిన్న బిళ్ళండీ" అన్నాం. అంతకు మించి మా దగ్గర మాట లేదు. ఆమె ముఖం చూసి, చర్మం చూసి, ఆ డాక్టరమ్మే ఊహించింది. స్టిరాయిడ్ సూది వేసి, సెలైన్ ఎక్కించాక తెల్లవారుజామున పెద్దమ్మ కళ్ళు తెరిచింది. బతికింది. ఆ ఊహ తట్టకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర లేదు.

ఎకరానికి ఏ పురుగుమందు ఎన్ని మిల్లీలీటర్లో నిద్రలో లేపి అడిగినా చెప్పే రైతులం మనం. డబ్బా మీద త్రికోణం ఎర్రదా, పసుపుదా, నీలమా, పచ్చదా అని చూసి కొంటాం. మరి మన నోట్లో వేసుకునే బిళ్ళ పేరేమిటి, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు అని అడగం. ఈ వారం ఆ సంగతే రాస్తున్నాను. మనుషులకే కాదు, కుక్కకూ గొడ్డుకూ కూడా ఇదే బిళ్ళ, ఇదే సూది ఇళ్ళలోకి వచ్చేసింది కాబట్టి.

మందు చెడ్డది కాదు

ముందుగా ఒక మాట. స్టిరాయిడ్ అనగానే విషం అని భయపెట్టేవాళ్ళున్నారు. అది తప్పు. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్ళవాతంతో కదలలేని ఒక యువతికి కార్టిసోన్ అనే మందు సూదిగా ఇచ్చారు. కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కూ, ఆయనతో పాటు కెండల్, రైక్‌స్టైన్‌లకూ నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ తర్వాత ఎక్కువ కాలం పట్టకుండానే దీని రెండో ముఖం కూడా లోకానికి తెలిసింది. మందు ఆపితే నొప్పి తిరిగి వచ్చేది, ఆపకపోతే ఒళ్ళు పాడయ్యేది.

ఉబ్బసం ముదిరి ఊపిరాడని మనిషికీ, ఒళ్ళంతా నీరు పట్టే మూత్రపిండాల జబ్బున్న పిల్లలకూ, కుష్ఠు జబ్బులో నరాలు వాచి చేయి చచ్చుబడబోయే వారికీ ఈ బిళ్ళే ప్రాణం, ఈ బిళ్ళే ఆధారం. కరోనా కాలంలో 2020 జూన్‌లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పరీక్ష ఫలితం వచ్చింది. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిన రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, పదిరోజులకు మించకుండా ఇస్తే చావులు తగ్గాయి. అదే పరీక్షలో ఆక్సిజన్ అవసరం లేని రోగులకు దానివల్ల మేలేమీ కనిపించలేదు.

ఇందులోనే పాఠమంతా ఉంది. ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు. ఈ మూడూ తప్పితే అదే మందు పగవాడవుతుంది. 2021లో రెండో విడత కరోనాలో జ్వరం వచ్చిన మొదటి రోజునుంచే ఇళ్ళలో ఈ బిళ్ళలు మింగినవాళ్ళు మన పల్లెల్లోనూ ఉన్నారు. ఆ ఏడే బ్లాక్ ఫంగస్ అనే బూజు జబ్బు కళ్ళూ ముక్కూ తినేసింది. షుగరు అదుపులో లేనివాళ్ళలో, స్టిరాయిడ్ వాడినవాళ్ళలో అది ఎక్కువగా కనిపించిందని డాక్టర్లు చెప్పారు.

కాలువా, బోరూ

ఆపితే ఎందుకు పడిపోతారు అన్నది రైతుకు అర్థమయ్యే తీరులో చెబుతాను. మన రెండు మూత్రపిండాల మీద చెరొక చిన్న గ్రంథి ఉంటుంది. అది రోజూ కార్టిసాల్ అనే పదార్థాన్ని ఊరిస్తుంది. అది కూడా స్టిరాయిడే. తెల్లవారేసరికి ఎక్కువగా, రాత్రికి తక్కువగా ఊరుతుంది. ప్రెడ్నిసొలోన్ బిళ్ళ లెక్కలో చెప్పాలంటే రోజుకు ఇంచుమించు 5 మిల్లీగ్రాముల ఎత్తు. బీపీ నిలబడటానికీ, రక్తంలో చక్కెర పడిపోకుండా ఉండటానికీ, జ్వరాన్నీ దెబ్బనూ తట్టుకోవడానికీ అదే దిక్కు.

ఇది మన పొలంలో సొంత బోరు అనుకోండి. కాలువ నీళ్ళు పుష్కలంగా వస్తున్నప్పుడు బోరు ఎవరు వేస్తారు? మోటారు ఆపేస్తాం. నెలలు గడిస్తే మోటారు తుప్పు పడుతుంది. ఒకనాడు ఉన్నట్టుండి కాలువ కట్టేశారు. పైరు ఎండుతోంది, మోటారు తిరగదు. బయటినుంచి బిళ్ళ వస్తున్నంత కాలం లోపలి గ్రంథి పని మానేస్తుంది. బిళ్ళ ఠక్కున ఆపితే అది వెంటనే లేవదు. అది మళ్ళీ పూర్తిగా ఊరడానికి కొందరిలో నెలలు, కొందరిలో ఏడాది కూడా పడుతుంది. మా పెద్దమ్మకు జరిగింది ఇదే.

కనుక ఈ బిళ్ళకు రెండు మోతాదులు ఉన్నాయని గుర్తు పెట్టుకోవాలి. వేసుకునే మోతాదు ఒకటి. తగ్గించే మోతాదు రెండోది. మూడు, నాలుగు, ఐదు రోజుల కోర్సు డాక్టరు రాస్తే చాలామందికి అది అలాగే ఆపేయవచ్చు. మూడు వారాలు దాటితే మాత్రం ఎవరికి వారు ఆపకూడదు. మూడు వారాలు కాకపోయినా పెద్ద మోతాదు వాడినవారూ, ఏడాదిలో పదేపదే కోర్సులు వాడినవారూ, రాత్రిపూట కూడా వేసుకున్నవారూ అడిగే ఆపాలి. డాక్టరు మెట్లు దిగినట్టు తగ్గిస్తారు. పై మెట్లు కొంచెం త్వరగా, రోజుకు 7.5 మిల్లీగ్రాముల దగ్గరకు వచ్చాక కింది మెట్లు బాగా నెమ్మదిగా. ఒళ్ళంతా నీరు పట్టిన పిల్లవాడికి వాపు దిగగానే "తగ్గిపోయింది" అని బిళ్ళ మానిపించే తల్లులను నేను చూశాను. వాపు దిగినా కోర్సు వారాల తరబడి ఉంటుంది. అది పూర్తిచేయాలి.

పేరు వేరు, బలం వేరు

మన మోసమంతా ఇక్కడే జరుగుతోంది. స్టిరాయిడ్ అంటే ఒకే బిళ్ళ కాదు. ప్రెడ్నిసొలోన్ ఒకటి. వైసొలోన్, ఓమ్నాకార్టిల్ అని దొరికేవి అవే. 5, 10, 20, 40 మిల్లీగ్రాముల బిళ్ళలుంటాయి. డెక్సామెథసోన్ మరొకటి. బీటామెథసోన్ ఇంకొకటి, బెట్నెసాల్ అని పల్లెల్లో అందరికీ తెలిసిన పేరు. ఈ చివరి రెండింటి చిన్న బిళ్ళ అర మిల్లీగ్రాము మాత్రమే.

"అర మిల్లీగ్రామేగా" అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ చేసే పనిని ముప్పావు మిల్లీగ్రాము, అంటే 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ చేస్తుంది. బీటామెథసోన్ కూడా ఇంచుమించు అంతే. అంటే ఆరేడు రెట్లు బలం. ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములు రాసినచోట ఎవరైనా లెక్క తప్పి డెక్సామెథసోన్ 5 మిల్లీగ్రాములు ఇస్తే అది 33 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ వేసినట్టు. పైగా డెక్సామెథసోన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి లోపలి గ్రంథిని ఇంకా గట్టిగా నిద్రపుచ్చుతుంది. "ఆ బిళ్ళ లేదు, దీన్నే వేసుకో, రెండూ ఒకటే" అని షాపులో అంటే ఒప్పుకోవద్దు. రెండూ ఒకటి కాదు.

ఇక పొట్లాల సంగతి. పొట్లంలో స్టిరాయిడ్‌కు తోడు డైక్లోఫినాక్ వంటి నొప్పి బిళ్ళ కూడా కలుస్తుంది. ఈ రెండూ జంటగా కడుపులో పుండు చేస్తాయి. తారులాగా నల్లటి విరేచనం అయితే అది లోపల రక్తం కారుతున్న గుర్తు, ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. ఒళ్ళు రావడానికని, ఆకలి పుట్టడానికని సన్నటి ఆడపిల్లలకు ఈ బిళ్ళలు కొనిపెట్టే తల్లిదండ్రులూ ఉన్నారు. వచ్చేది కండ కాదమ్మా. నీరూ, కొవ్వూ. లోపల కండ కరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. ఎదిగే పిల్లల్లో ఎత్తు ఆగిపోతుంది.

ఆయాసం ఉన్నవాళ్ళకు ఇంకో మాట. పొగాకు దుమ్ము, పత్తి దుమ్ము, వడ్ల దుమ్ము పీల్చే మనలో ఆయాసం ఎక్కువ. ఇన్‌హేలర్ పీలిస్తే అలవాటు పడిపోతామని భయపడి, ఆయాసం వచ్చినప్పుడల్లా బిళ్ళ మింగేవారున్నారు. ఇన్‌హేలర్‌లో స్టిరాయిడ్ ఉంటే అది మైక్రోగ్రాముల్లో ఉంటుంది. వెయ్యి మైక్రోగ్రాములు కలిస్తే ఒక మిల్లీగ్రాము. పైగా అది నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. బిళ్ళ అలా కాదు, ఒళ్ళంతా తిరుగుతుంది. ఇన్‌హేలర్ వద్దని రోజూ బిళ్ళ మింగడం గోతికి భయపడి బావిలో దూకినట్టు.

వాడేటప్పుడు పాటించాల్సినవి

డాక్టరు రాసినప్పుడు ఎలా వాడాలి? రోజుకు ఒకసారి అని రాస్తే పొద్దున్నే, ఏదైనా తిన్న తర్వాత వేసుకోవాలి. మన ఒంట్లో సహజంగా అది ఊరే వేళ అదే. సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు. ఒకపూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే ఆ రోజే వేసుకోవాలి. మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. షుగరు, బీపీ ఉన్నవారు ముందే చెప్పాలి, మందు సాగినన్ని రోజులూ పరీక్ష చేయించుకోవాలి. షుగరు లేనివారికి కూడా ఈ బిళ్ళతో రావచ్చు. పాతకాలపు క్షయ ఉంటే తిరగబెట్టవచ్చు. నెలల తరబడి వాడేవాళ్ళకు కంట్లో శుక్లాలు, కంటి ఒత్తిడి వస్తాయి కాబట్టి కళ్ళు చూపించుకోవాలి.

మనబోటి వాళ్ళకు ప్రత్యేకంగా ఒకటుంది. చెప్పులు లేకుండా తడి మట్టిలో తిరిగేవాళ్ళ పాదాల గుండా లోపలికి పోయే ఒకరకం సన్నటి పురుగు ఏళ్ళ తరబడి పేగుల్లో చప్పుడు చేయకుండా ఉండిపోతుంది. స్టిరాయిడ్ పడ్డాక ఒంటి కాపలా తగ్గి, అది అదుపు తప్పి ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తేవచ్చు. "నేను పొలం పనివాడిని, ఉత్త కాళ్ళతో తిరుగుతాను" అని డాక్టరుకు చెప్పడం అందుకే అవసరం. కుక్క కరిచినప్పుడు కూడా స్టిరాయిడ్ వాడుతున్న సంగతి చెప్పి తీరాలి. టీకా ఒంటికి పట్టడంలో తేడా ఉంటుంది కనుక వారికి వైద్యం వేరుగా ఆలోచిస్తారు.

ఎక్కువ కాలంగా వాడుతున్నవారికి గట్టి జ్వరం వచ్చినా, ఆపరేషన్ జరిగినా, ఎముక విరిగినా ఆ రోజుల్లో మోతాదు తగ్గించడం కాదు, పెంచాల్సి ఉంటుంది. ఆరోగ్యవంతుడి గ్రంథి అలాంటప్పుడు తానే ఎక్కువ ఊరిస్తుంది. వీళ్ళది ఊరించలేదు. వాంతులై బిళ్ళ కడుపులో నిలవకపోతే ఇంట్లో కూర్చోవద్దు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోయి, "ఈయన స్టిరాయిడ్ వాడుతున్నాడు" అని మొదటి మాటగా చెప్పండి. ఆ ఒక్క మాట ప్రాణం నిలబెడుతుంది.

కాపలా కుక్క కథ

నాకు తెలిసిన ఒక కౌలు రైతు తోటలో కుక్క ఉంది. పందులను దరి చేరనీయని కుక్క. దానికి దురద పట్టింది. గోకి గోకి చెవుల వెనక పుండ్లయ్యాయి. ఇంట్లో ముసలాయనకు రాసిన బిళ్ళలు మిగిలి ఉంటే పూటకు రెండు చొప్పున సంగటి ముద్దలో పెట్టాడు. రెండు రోజుల్లో దురద పోయింది. "పశువుల డాక్టరు ఎందుకన్నా, మనకు పనిచేసేది దానికి పనిచేయదా" అని నాతోనే అన్నాడు.

నెల తిరిగేసరికి కుక్క కుండెడు నీళ్ళు తాగుతోంది, అడుగడుక్కీ మూత్రం పోస్తోంది, ఎంత పెట్టినా ఆకలి, పొట్ట వేలాడింది, ఊరికే రొప్పుతోంది. దురద తిరిగి వచ్చింది, ఈసారి వెంట్రుకలు మచ్చలు మచ్చలుగా ఊడి ఒళ్ళంతా పాకింది. పశువైద్యశాలలో డాక్టరు చర్మం గీకి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే గజ్జి పురుగులు. స్టిరాయిడ్ దురదను అణచింది గానీ పురుగును చంపలేదు. పైపెచ్చు ఒంటి కాపలాను పడుకోబెట్టి పురుగుకు తలుపు తీసింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. డాక్టరు స్టిరాయిడ్‌ను మెల్లగా తగ్గించి, పురుగుకు మందు ఇచ్చాక మూడు నెలలకు కుక్క తేరుకుంది.

కుక్కకు ఈ మందు అసలు వాడరా అంటే వాడతారు. అయితే బరువు చూసి వాడతారు. మామూలు దురదకు, పురుగు లేదని తేలాక, కిలో బరువుకు రోజుకు అర నుంచి ఒక మిల్లీగ్రాము ప్రెడ్నిసొలోన్ ఇచ్చి, కొద్దిరోజుల్లో రోజు విడిచి రోజుకు తెచ్చి ఆపుతారు. ఒంటి కాపలాయే తిరగబడి ఒంటిని తినే జబ్బుల్లో కిలోకు 2 మిల్లీగ్రాముల వరకు పోతారు. మరీ పెద్ద కుక్కలకు ఇదే లెక్కన గుణించుకుంటూ పోరు, తగ్గిస్తారు. పిల్లికి లెక్క వేరు, దానికి సాధారణంగా కుక్కకంటే ఎక్కువే పడుతుంది. ఇవి మీ చేత్తో ఇవ్వడానికి రాయడం లేదు. మనిషికి రాసిన 20 మిల్లీగ్రాముల బిళ్ళ, ఐదు కిలోల కుక్కపిల్లకు వేస్తే కిలోకు 4 మిల్లీగ్రాములు పడినట్టని తెలియడానికి రాస్తున్నాను.

కాబట్టి డాక్టరు దగ్గరకు పోయేముందు బరువు తెలుసుకుని పోండి. కాటా మీద మీరొక్కరే ఎక్కండి, తర్వాత కుక్కను ఎత్తుకుని ఎక్కండి, తేడాయే దాని బరువు. స్టిరాయిడ్ వాడుతున్న కుక్కకు మనుషుల నొప్పి బిళ్ళ ఏదీ వేయొద్దు, కడుపులో పుండు పడి రక్తం కక్కి చస్తుంది. పిల్లికి పారాసిటమాల్ అసలే వేయొద్దు, అది దానికి విషం. మందు సాగినన్నాళ్ళు నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. కుక్క విషయంలోనూ ఠక్కున ఆపడం ప్రమాదమే. దాని మూత్రపిండాల మీదా అదే గ్రంథి ఉంది.

చూడి ఆవుకు "డెక్సా"

గొడ్ల సంగతికి వస్తే, మన ఆవులకూ గేదెలకూ ఈ మందు బిళ్ళగా కాకుండా ఎక్కువగా సూదిగా వస్తుంది. చదువు లేని చేతుల్లో దాన్ని "డెక్సా" అని ముద్దుగా పిలుస్తారు. జ్వరంతో మేత ముట్టని గొడ్డు సాయంత్రానికి మేత ముడుతుంది. రైతు సంతోషిస్తాడు. సూది వేసినవాడి పేరు నిలబడుతుంది. లోపలి జబ్బు మాత్రం అలాగే ఉంటుంది, ఒక్కోసారి ముదురుతుంది.

తొమ్మిదో నెల నడుస్తున్న సంకరజాతి ఆవుకు ఇలాగే జ్వరానికి సూది పడింది. చూడిదా అని వేసినవాడు అడగలేదు, రైతు చెప్పలేదు. రెండు మూడు రోజుల్లో నెలలు నిండకుండానే ఈనింది. దూడ నిలవలేదు. మాయ పడలేదు. పాలు సగానికి సగం పోయాయి. చూడి చివరి నెలల్లో డెక్సామెథసోన్ ఈనడాన్ని ముందుకు లాగుతుందనీ, అలా ఈనిన పశువుల్లో మాయ పడకపోవడం మామూలేననీ పశువైద్యులందరికీ తెలుసు. అవసరమైనచోట కావాలనే ఇలా వాడతారు కూడా. చూడి గొర్రెలకూ మేకలకూ ఈ ముప్పు ఉంది. పాలిచ్చే గొడ్డులో కొద్దిరోజులు పాలు తగ్గడం దీని గుణం. ఈనిన కొత్తలో చక్కెర పడిపోయి మేత మానే జబ్బులో గ్లూకోజుతో పాటు ఇదే మందు పశువుల డాక్టరు ఇస్తారు, అక్కడ అది మేలే చేస్తుంది. మళ్ళీ అదే మాట: ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు.

సూది వేయబోయే ఎవరికైనా మనం ముందే చెప్పాల్సిన మాటలు రెండు: చూడి ఎన్నో నెల, పాలు ఇస్తోందా లేదా. మనం అడగాల్సినవి రెండు: మందు పేరేమిటి, ఎన్ని రోజులు పాలు పోయకూడదు. ఇంటి దగ్గర దిక్కు తోచకపోతే 1962కి ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మనుషుల బిళ్ళలు దంచి గొడ్డు నోట్లో పోయడం మాత్రం మానండి.

తప్పు ఎవరిది?

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. ఆర్.ఎం.పి.ని తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. అర్ధరాత్రి తేలు కుట్టినా, బిడ్డకు జ్వరం వచ్చినా మన తలుపు దగ్గరకు వచ్చేది ఆయనే. పెద్దాసుపత్రికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ, అక్కడ తిండి ఖర్చు. కోతల రోజుల్లో ఒక్కరోజు మంచాన పడితే ఆ వారం ఇల్లు గడవదు. మోకాలు నొప్పి పుట్టకుండా రేపు పనికి పోవాలి అన్నదే కూలి మనిషి కోరిక. ఆ కోరికను ఆ పూటకు తీర్చే మందు ఇది. అందుకే దీన్ని ఆయన ఇస్తున్నాడు, మనం అడిగి మరీ పుచ్చుకుంటున్నాం. "మొన్న ఇచ్చిన బిళ్ళే ఇవ్వండి, అది బాగా పనిచేసింది" అనేది మనమే కదా.

అంతమాత్రాన తప్పు ఒప్పైపోదు. ఇవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు. బిళ్ళల అట్ట మీద ఎర్ర గీత ఉండేది అందుకే. పురుగుమందు డబ్బా మీద ఎర్ర త్రికోణం చూసే కళ్ళకు అట్ట మీద ఎర్ర గీత కనపడకుండా పోతోంది. అసలు అట్టే లేకుండా కాగితంలో చుట్టి ఇస్తే గీత ఎక్కడినుంచి కనిపిస్తుంది?

పొట్లం కట్టి మందు ఇవ్వడమే అన్నిటికన్నా పెద్ద నేరం అంటాను నేను. బిళ్ళ ఇవ్వడం కన్నా అది పెద్దది. అట్టతో ఇచ్చి ఉంటే మా పెద్దమ్మ సంచిలో ఆ పేరు దొరికేది. ఆసుపత్రిలో ఆ రాత్రి ఊహ మీద ఆధారపడాల్సి వచ్చేది కాదు.

ఇలా మిల్లీగ్రాములతో సహా పత్రికలో రాస్తే జనం సొంతంగా వాడేస్తారని ఒక డాక్టరు మిత్రుడు నాతో అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. కానీ ఇప్పుడు జరుగుతున్నది ఏమిటి? తెలియక వాడుతున్నారు, తెలియక ఆపుతున్నారు. తెలిసినవాడు కనీసం అడుగుతాడు. పేరు తెలియని మందుకు మోతాదు అడగలేం, మోతాదు తెలియని మందును తగ్గించలేం.

అందుకని కోరేది పెద్దదేమీ కాదు. పొట్లం మందు ఎవరిచ్చినా పుచ్చుకోవద్దు, అట్టతోనే అడగండి. చీటీ మీద నాలుగు ముక్కలు తెలుగులో రాయించుకోండి: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తారీఖున మొదలు, ఎలా తగ్గించి ఏ తారీఖున ఆపాలి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ, పశువైద్యశాలల్లోనూ ఈ నాలుగు ముక్కల చీటీ ఇవ్వడం తప్పనిసరి చేయాలని అధికారులను కోరుతున్నాను. భూసార పరీక్షకు కార్డు ఇచ్చినప్పుడు మనిషికీ, గొడ్డుకూ ఒక చీటీ ఇవ్వలేరా? మందుల షాపువాళ్ళు చీటీ లేకుండా ఈ బిళ్ళలు అమ్మకుండా చూడాల్సిన వారు చూడాలి.

చివరగా, ఇది చదివి భయపడి ఈ రాత్రికే బిళ్ళలు పారేయొద్దు. అదే అన్నిటికన్నా ప్రమాదం. నెలల తరబడి నొప్పుల పొట్లాలు, ఆయాసం పొట్లాలు వాడుతున్నవారు ఇంట్లో ఉంటే వాటిని మానకుండానే, మిగిలిన పొట్లం చేత్తో పట్టుకుని చదువుకున్న డాక్టరు దగ్గరకు పోండి. "ఇందులో స్టిరాయిడ్ ఉందా, ఉంటే ఎలా తగ్గించుకోవాలి" అని అడగండి.

మా పెద్దమ్మ ఇప్పుడు కోతకు పోవడం లేదు. రోజుకు 5 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి, పొద్దున ఇడ్లీ తిన్నాక వేసుకుంటుంది. దాన్నీ మెల్లగా తగ్గిస్తున్నారు. మోకాళ్ళు నొప్పి పుడుతూనే ఉన్నాయి, వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటుంది. ఊరు వెళ్ళాల్సి వస్తే జాకెట్టులో చిల్లర సంచితో పాటు మడత పెట్టిన చీటీ ఒకటి పెట్టుకుంటుంది. ఆమెకు చదువు రాదు. "నాకు చదవడం రాకపోతేనేం రా, నన్ను ఎత్తుకుపోయేవాళ్ళకు వస్తుంది కదా" అంటుంది.